అవసరం లేదన్నారు కదా!

పెళ్లయి బెంగళూరు వచ్చిన కొత్తలో మా పక్కింట్లో ఒక కన్నడ పెద్దావిడ ఉండేవారు. పిల్లలు వేరే ఊళ్లలో ఉంటే, ఇక్కడ భార్యాభర్తలిద్దరే. ఒకరోజు పొద్దున్నే తలుపు తట్టి, వాళ్లాయనకి ఒంట్లో బాగోలేదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి అని సగం మాటల్తో సగం సైగల్తో చెప్పారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. "నేను తోడు రానా?" అని చేతులు తిప్పుతూ అడిగాను. ఆవిడ నవ్వి, "అవసర ఇల్లమ్మా" అన్నారు.

అవసరం లేదన్నారు కదా అని నేను లోపలికొచ్చి కుక్కర్ పెట్టుకున్నాను. గంట తర్వాత వాళ్ల తలుపుకి తాళం వేసిన చప్పుడైంది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనేం తప్పు చేశానో తెలీదు.

వారాంతానికి వాళ్లమ్మాయి వచ్చింది. తనకి తెలుగు వచ్చు. "ఆంటీ, ఆ రోజు అమ్మ మీ కోసం గంట సేపు ఎదురుచూసిందట" అంది. నేను తెల్లబోయాను. కన్నడంలో అవసర అంటే తొందర! తొందరేం లేదు, నీ పని చూసుకుని నింపాదిగా రా అని ఆవిడ చెప్పారు. ఆవిడ రమ్మన్న మాటే నాకు వద్దన్నట్టు వినిపించింది.

బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, ఒక్క మాట దగ్గర ఇలా బోల్తా పడ్డానే అని సిగ్గేసింది. అప్పట్నుంచి ఆ మాట ఎక్కడ కనిపించినా ఆగి చూడటం అలవాటైంది.

తమిళంలోనూ అవసరం అంటే తొందరే. ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీ వార్డుని వాళ్లు 'అవసర సికిచ్చై పిరివు' అంటారు. మనకైతే ఉత్త అవసరం చాలదు, దానికి 'అతి' తగిలించి 'అత్యవసర విభాగం' అనాలి. మలయాళంలో అవసరం అంటే అవకాశం. మనం అవసరం అనే చోట వాళ్లు 'ఆవశ్యం' అంటారు. హిందీలో అవసర్ అంటే సందర్భం, అవకాశం. అందుకే వాళ్ల శుభలేఖల్లో 'శుభ అవసర్' అని ఉంటుంది. మన శుభలేఖలో 'శుభ అవసరం' అని వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

మూలం సంస్కృతం. 'సృ' ధాతువుకి కదలడం, సాగడం అని అర్థం. దానికి ముందు 'అవ' చేరితే అవసరం. సంస్కృతంలో ఆ మాటకి సమయం, తగిన సందర్భం, అవకాశం అనే అర్థాలున్నాయి. మన పాత పుస్తకాల్లోనూ అంతే. భాగవతం వచనాల్లో 'అయ్యవసరంబున' అని వస్తే 'ఆ సమయంలో' అని మా మేడం చెప్పేవారు. సమయం అన్న ఒక్క మాటే తలో ఇంటికీ కోడలుగా వెళ్లినట్టుంది. హిందీ వాళ్లింట్లో, మలయాళం వాళ్లింట్లో అవకాశంగా ఉండిపోయింది. తమిళం, కన్నడం ఇళ్లలో సమయం మించిపోతోందని తొందరపడింది. మన ఇంట్లో అక్కర అయింది.

అక్కర అన్నాక ఇంకో సంగతి చెప్పాలి. అసలు ఇదంతా రాయడం దాని కోసమే.

నాన్న పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. మా దగ్గరికి రమ్మంటే రాదు. పోయిన సంక్రాంతి వెళ్లాక ఫోన్ చేసి, "ఓ నాలుగు రోజులు వచ్చి వెళ్లరాదుటే?" అంది. మా అమ్మాయికి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. "ఏమైనా అవసరమా అమ్మా?" అన్నాను. కాసేపాగి, "అబ్బే, అక్కర్లేదులే. పిల్ల చదువు చూసుకో" అంది.

వేసవి సెలవుల్లో వెళ్తే బీరువాలో నల్ల కళ్లద్దాలు, వాడి పడేసిన చుక్కల మందు సీసా కనిపించాయి. కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకుందట, ఎదురింటావిడని తోడు తీసుకెళ్లి. నాకెందుకు చెప్పలేదని కోప్పడ్డాను. అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "నువ్వే కదే అవసరమా అని అడిగావు? డబ్బుంది, డాక్టరున్నాడు, మనిషి తోడుంది. ఇక అవసరం ఏముంది?" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలుగులో అక్కర అంటే అవసరం. తమిళంలో అదే మాట 'అక్కఱై', అంటే శ్రద్ధ, ఒకరి గురించి పట్టించుకోవడం. కన్నడంలో 'అక్కరె' అంటే ప్రేమ, మమకారం. అమ్మ రమ్మన్నది ఆ అక్కర కొద్దీ. నేను అడిగింది మన తెలుగు అవసరం. పక్కింటావిడ మాట నాకు అర్థం కాలేదంటే భాష రాక అనుకోవచ్చు. అమ్మది నా భాషే కదా!

ఇప్పుడు అమ్మని "రమ్మంటావా?" అని అడగడం మానేశాను. "శుక్రవారం బయల్దేరుతున్నా" అని చెప్తాను. "ఎందుకే, అక్కర్లేదు" అంటుంది. అంటూనే, "గోంగూర తెప్పించనా?" అని అడుగుతుంది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు "అక్కర్లేదులే" అనే ఉంటారు. ఈసారి అన్నప్పుడు ఆ మాట ఒక్కటే విని ఊరుకోకండి.