నెహ్రూ ప్లేస్‌లో రెండు రోజులు

ఢిల్లీ వెళ్ళివచ్చే మన సహోద్యోగులు సాధారణంగా కుతుబ్ మీనారు గురించో, చాందినీ చౌకు మిఠాయిల గురించో ముచ్చటిస్తుంటారు. గత శీతాకాలంలో శిక్షణ నిమిత్తం అక్కడికి వెళ్ళిన నా పట్టికలో మాత్రం ఒక్క పేరే ఉంది: నెహ్రూ ప్లేస్. నా సంచిలో పనిచేయని పాత లాప్‌టాప్ ఒకటి ఉంది.

అది నాది కాదు. మన రిక్రియేషన్ క్లబ్ నాటకాలకు ప్రాణం పోసిన ఒక మిత్రునిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన నాడు ఆయన క్వార్టరులో కిటికీ అద్దాలు పగిలి, బల్లమీది లాప్‌టాప్ వాననీటిలో నానిపోయింది. బాగుచేయిద్దామనుకుంటూనే ఆయన 2016లో కన్నుమూశారు. ఊళ్ళో చూపిస్తే, బోర్డు పోయింది, పాత సామానుకింద ఐదు వందలిస్తామన్నారట. నా ప్రయాణం సంగతి తెలిసి ఆయన సతీమణి దానిని పాత తువ్వాలులో చుట్టి తెచ్చి, “అన్నయ్యగారూ, పాప చిన్ననాటి ఫొటోలు, ఆయన వ్రాసిన నాటకం ఇందులోనే ఉన్నాయి. మరో ప్రతి లేదు” అని నా చేతిలో పెట్టింది. ఆ తువ్వాలు బరువు ఢిల్లీ చేరేదాకా నాకు తెలుస్తూనే ఉంది.

దక్షిణ ఢిల్లీలో కాల్కాజీ మందిరానికీ, 1986లో పూర్తయిన లోటస్ టెంపుల్‌కూ చేరువలో ఉన్నది నెహ్రూ ప్లేస్. 2010లో వచ్చిన మెట్రో మార్గం మనలను దాని ముంగిట దింపుతుంది. చుట్టూ బహుళ అంతస్తుల కార్యాలయ భవనాలు, వాటి నడుమ రాతిపలకలు పరచిన విశాలమైన ఆవరణ. ఒకవైపు పట్టు, నూలు తానులు విప్పి చూపే బట్టల దుకాణాలు ఉన్నాయంటే వెళ్ళనివారు నమ్మరు. మెట్లెక్కగానే “ప్రింటరా? లాప్‌టాపా? ఏం కావాలి సాబ్?” అంటూ కుర్రవాళ్ళు చుట్టుముడతారు. అన్నవరం కొండ దిగువ కొబ్బరికాయల దుకాణాలవారికి వీరు ఏమాత్రం తీసిపోరు. వారిని దాటి భవనాల లోపలి నడవల్లోకి వెళితేగాని అసలు మరమ్మతు ప్రపంచం కనిపించదు.

నేను చేరిన దుకాణం మన క్వార్టరు వంటగదిలో సగం ఉంటుంది. గోడ నిండా చిన్న చిన్న అరలు. వాటిలో కీబోర్డులు, కీళ్ళు, ఫ్యాన్లు, చార్జింగు సాకెట్లు. పాతికేళ్ళ కారీగర్ ఒకడు భూతద్దపు దీపం కింద తల వంచి కూర్చున్నాడు. మరలు విప్పి, ఏ మర ఏ రంధ్రానిదో తప్పిపోకుండా కాగితంపై గీసిన బొమ్మమీద వాటిని వరుసగా పేర్చాడు. బోర్డు బయటపడగానే చార్జింగు సాకెట్టు చుట్టూ పచ్చని చిలుము కనిపించింది. “బోర్డు చచ్చిపోయింది సాబ్. డిస్కు సంగతి వేరు” అన్నాడు. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ చెప్పలేదు.

బ్యాటరీని మాత్రం తాకకుండానే పక్కన పెట్టాడు. అందులో ఉన్నవి 18650 రకం ఘటాలు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు కావడం వలన ఆ పేరు. ఏళ్ళ తరబడి పూర్తిగా శక్తి ఉడిగిన లిథియం ఘటానికి తిరిగి చార్జింగు పెడితే నిప్పు అంటుకోవచ్చు. దానికి ఆశపడవద్దన్నాడు. 204 కాళ్ళ మెమరీ పలకలు రెండూ శుభ్రం చేసి పరీక్షిస్తే పనిచేశాయి. వాటిని తానే తీసుకుని కూలిలో తగ్గించుకుంటానన్నాడు. తెర వెనుకనున్న సంఖ్య చదివి, దానికి సరిపడే చిన్న కంట్రోలర్ బోర్డు వెదికి తగిలించగానే, పదేళ్ళకు పైగా చీకటిగా ఉన్న ఆ తెర తెల్లగా వెలిగింది. దానికి మరెక్కడి కంప్యూటరునైనా తగిలించుకోవచ్చునట. పాప చదువుకు పనికివస్తుందని తీసుకున్నాను.

ఇక డిస్కు. 320 జీబీ, తిరుగుతున్నది, కాని అక్కడక్కడ చదవడానికి మొరాయిస్తున్నది. ఫొటోలు వెంటనే తెరిచి చూపమని నేను తొందరపడ్డాను. కారీగర్ ఒప్పుకోలేదు. దెబ్బతిన్న డిస్కును వెతుకుతూ తిప్పినకొద్దీ మరింత పాడవుతుంది. మొదట మొత్తం డిస్కుకు మరొక డిస్కుపై నకలు తీయాలి, చదవలేని చోట్లను దాటిపోయి చివరలో మళ్ళీ ప్రయత్నించాలి, వెతుకులాట ఆ నకలులోనే చేయాలి. రాత్రంతా పడుతుందన్నాడు. అంటే అపరిచితుని దుకాణంలో దానిని వదలిపెట్టాలి! రసీదు అడిగితే నోటుపుస్తకం చింపి నాలుగు ముక్కలు వ్రాసి ఇచ్చాడు. ఆ రాత్రి అతిథిగృహంలో నాకు నిద్ర పట్టలేదు. చెల్లెమ్మకు ఫోను చేసే ధైర్యమూ రాలేదు.

చనిపోయిన బోర్డు ఎక్కడికి పోతుందని మరునాడు అడిగాను. సీలంపూర్ అన్నాడు. ఈశాన్య ఢిల్లీలోని ఆ పేటలో దేశం నలుమూలల నుండి వచ్చిన పాత యంత్రాలను చేతులతో విడదీస్తారు. రాగికోసం తీగలు కాల్చడం, బోర్డులను ఆమ్లంలో ముంచడం అక్కడివారి ఊపిరితిత్తులకు ఏం చేస్తాయో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ-వ్యర్థాలపై నియమాలు 2012 మే 1 నుండీ, వాటి స్థానంలో వచ్చిన తాజా నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండీ అమలులోనికి వచ్చాయి. నేను ఆ బోర్డునూ, బ్యాటరీనీ అతనికి ఇవ్వక, బ్యాటరీ కొసలకు టేపు అంటించి, అధీకృత సేకరణ కేంద్రంలో అప్పగించి వచ్చాను. కారీగర్ నవ్వుకున్నాడు. ఆ బోర్డు నుంచి అతనికి నాలుగు రూపాయలు వచ్చేవి మరి.

నకలులో ఫొటోలు దాదాపు అన్నీ దొరికాయి. నాటకం మూడు రంగాలు మూడు ఫైళ్ళుగా ఉన్నది. రెండు తెరుచుకున్నాయి. మూడవది తెరిస్తే ప్రశ్నార్థకాలూ, చతురస్రాలూ తప్ప ఒక్క తెలుగక్షరం లేదు. కారీగర్ రెండు గంటలు కుస్తీపట్టి, ఆ భాగానికి డబ్బు తీసుకోలేదు.

ఇంటికి వచ్చి చెబితే చెల్లెమ్మ కాసేపు మౌనంగా ఉండి, “మూడో రంగంలో తండ్రి వేషం మీరే కదా వేసింది, అన్నయ్యగారూ” అన్నది. అవును. 2009 ఉగాదికి నేనే వేశాను. రోజూ రాత్రి భోజనమయ్యాక కూర్చుని, జ్ఞాపకమున్నంతవరకు నా సంభాషణలు వ్రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు పుటలయ్యాయి. మునసబు మాటలు మాత్రం సరిగా గుర్తుకు రావడం లేదు. ఆ పాత్ర ధరించిన మిత్రుడు పదవీ విరమణ చేసి కాకినాడలో స్థిరపడ్డాడని విన్నాను. ఈ పుటలు ఆయన కంటపడితే, సంపాదకుని చిరునామాకు ఒక ఉత్తరం వ్రాయవలసినదిగా కోరుతున్నాను.