తోటలో చిన్న ఆవం

రాకు మట్టిపాత్రలు అనగానే చాలామందికి పొగచూరిన మచ్చలు, నల్లటి పగుళ్లు గుర్తొస్తాయి. ఎర్రగా కాలిన కుండను తీసి రంపపు పొట్టులో పడేసి మూతపెట్టే ఆ పద్ధతి అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ 1960లో పట్టిన దారి. అందమే, కాదనను. కానీ నా మనసంతా అంతకు యాభై ఏళ్ల ముందు టోక్యోలో బెర్నార్డ్ లీచ్ చేసిన బొమ్మల రాకు మీదే ఉంది. తీరిగ్గా కూర్చోండి, ఆ కబుర్లు చెబుతాను.

లీచ్ ఇంగ్లీషాయన, 1887లో హాంగ్‌కాంగ్‌లో పుట్టాడు. లోహపు పలక మీద గీసి అచ్చుతీసే ఎచింగ్ నేర్పి బతుకుదామని 1909లో జపాన్ చేరాడు. మట్టితో ఏ సంబంధమూ లేదు. 1911లో ఒక స్నేహితుడి ఇంటికి పిలుపొచ్చింది. చిత్రకారులు, నటులు, రచయితలు ఇరవై ముప్ఫై మంది కింద కూర్చుని ఉన్నారు. పూతలేని మట్టిపాత్రలు ముందుపెట్టి బొమ్మలు వెయ్యమన్నారు. అలవాటులేని పొడుగు కుంచెతో తంటాలు పడి లీచ్ రెండు పాత్రల మీద వేశాడు. వాటిని తెల్లటి సీసపు పూతలో ముంచారు. తోటలో బొగ్గులతో మండుతున్న చిన్న ఆవం అంచున కాసేపు ఆరనిచ్చి, పట్టకారుతో లోపల పెట్టారు. లోపల అప్పటికే ఎర్రటి వేడి. అయినా కుండలు పగల్లేదు! అరగంటలో పూత కరిగి నిగనిగలాడింది. బయటికి తీసి పెంకుల మీద ఉంచితే, ఎరుపు తగ్గేకొద్దీ అసలు రంగులు తేలాయి. బొమ్మ వేసిన గంటకు పాత్ర చేతికొచ్చింది. ఈ విద్య నేర్చుకోవాల్సిందేనని అక్కడే అనుకున్నాడు.

ఎందుకు పగల్లేదంటారా? రాకు మట్టిలో ఇసుకో, కాల్చి దంచిన పెంకుల పొడో కలుపుతారు. మట్టి గుల్లగా ఉండి ఒక్కసారిగా తగిలే వేడికి తట్టుకుంటుంది. సీసపు పూత తక్కువ వేడికే కరుగుతుంది. అన్నట్టు, సీసం విషం. అలాంటి పాత్రల్ని చూసి ఆనందించాలే గాని వాటిలో తినకూడదు.

మన ఊళ్లలో ఆవం ముట్టిస్తే చల్లారేదాకా ఆగాలి. గీత గీసినవాడికి ఆ ఆగడం చాలా కష్టం. లీచ్ గీతనే నమ్ముకున్నవాడు, తన గీత నిప్పులో ఏమైందో గంటలో చూసుకున్నాడు. ఆ రోజు ఆయన చూసింది రోజులు పట్టే పెద్ద ఆవమైతే మళ్లీ ఎచింగ్ పలకల దగ్గరికే వెళ్లిపోయేవాడని నా గట్టి నమ్మకం.

గురువు కూడా తగినవాడే దొరికాడు. ఉరానో షిగెకిచి, ఆరవ కెన్‌జాన్. ముసలాయన, పేదవాడు, మంచివాడు. కుండల మీద బొమ్మకూ చేతిరాతకూ పేరుపడ్డ మొదటి ఒగటా కెన్‌జాన్ (1663–1743) పరంపర ఆయనది. స్నేహితుడు తొమిమోతో కెన్‌కిచి పక్కనుండి మాటలు అటూ ఇటూ అందించేవాడు.

నన్ను బాగా కదిలించే సంగతి ఇంకొకటుంది. పాత ఇంగ్లీషు కుండల మీద లోమాక్స్ రాసిన 1909 నాటి పుస్తకం లీచ్, తొమిమోతో ఇద్దరి చేతికీ టోక్యోలో వచ్చింది. పదిహేడో శతాబ్దపు కుమ్మరి థామస్ టాఫ్ట్ పళ్లేల్ని చూసి మురిసిపోయారు. సొంత దేశపు కుమ్మరుల గొప్ప లీచ్‌కి జపాన్‌లో తెలిసిందన్నమాట! ఆ ఇంగ్లీషు పళ్లేల ధోరణి, జపాన్ కుంచె, రెండూ ఆయన రాకులో కలిశాయి. ఆ పాత్రలు ఆయన తర్వాత ఎక్కువ వేడికి గట్టిగా కాల్చిన స్టోన్‌వేర్ అంత నేర్పుగా ఉండవు. అయినా చేయి భయపడకుండా నడిచిన గీత వాటిలో ఉంది, నాకు అదే ఎక్కువ.

1920లో జపాన్ కుమ్మరి హమాడా షోజీని వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లోని సెంట్ ఐవ్స్ వెళ్లి స్టూడియో పెట్టాక కూడా లీచ్ రాకును వదల్లేదు. చూడవచ్చిన వాళ్లచేత బొమ్మలు వేయించి అక్కడే కాల్చి ఇచ్చేవాడు. మీ పిల్లలెవరైనా లండన్‌లో ఉండి మీరు వెళితే, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో లీచ్ పాత్రలున్నాయి. 1920కి ముందువి ఏమైనా చూపిస్తారేమో అడగండి. ఆకారం సంగతి తర్వాత, ముందు గీత చూడండి.