గడప చెక్కతో ఓ పెట్టె

ఊళ్ళో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు గడప తాలూకు టేకు ముక్కొకటి సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. నాలుగేళ్ళుగా గరాజ్‌లోనే పడుంది. మొన్న శనివారం దాంతో అమ్మకి ఓ బాండ్‌సా బాక్స్ చేద్దామని మొదలెట్టా.

తెలియనివాళ్ళకి: ఇందులో పలకలు జోడించే పని ఉండదు. ఒకే దిమ్మని కోసి, పెట్టే సొరుగూ రెండూ అందులోంచే తీస్తారన్నమాట. ముందు బయటి ఆకారం, తర్వాత వెనకవైపు ఓ పల్చటి పలక, ఆ తర్వాతే సొరుగు. పావంగుళం బ్లేడైతే వంపులు బాగానే తిరుగుతుంది. కాకపోతే టేకులో సిలికా ఉంటుంది, పదును ఇట్టే పోతుంది.

నేను ఉత్సాహంలో వెనక పలక తియ్యకుండానే సొరుగు కోసేశా. పెట్టెకి వీపు లేదు! ఆఫీసులో అయితే పాత వెర్షన్‌కి వెళ్ళిపోయేవాణ్ణి. గడప ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను?

చివరికి వాల్‌నట్ పలక అతికించాను (టేకు నూనె చెక్క కదా, ముందు అసిటోన్‌తో తుడిచి మరీ). రంగు అస్సలు కలవలేదు.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ అటూ ఇటూ తిప్పమంది. "నేను రాసిన పసుపు మరకేదిరా?" అంది. మొదటి కోతలోనే పోయిందని చెప్పడానికి నోరు రాలేదు.