శునకమునకు పండు

తాను తినుచున్నదానిలో నొక ముద్దను వాకిటనున్న కుక్కకు వేయుట తెలుగువారి యిండ్లలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పిల్లల చేతికి పండు దొరకినచో కుక్క భాగము మరింత పెద్దదగును. ఇచ్చువాని మనసున ప్రేమయే కాని వేఱొండు లేదు. అయినను మనుష్యునకు హితమైనదెల్ల కుక్కకును హితమగునని తలంచుట పొరపాటు.

కొన్ని పండ్లవలన భయము లేదు. అరటిపండును, గింజలు తీసిన పుచ్చకాయను, మామిడిపండు గుజ్జును మితముగా పెట్టవచ్చును. మామిడి టెంకను మాత్రము కుక్కకు అందనీయరాదు. దానిని మ్రింగినచో ప్రేగులలో అడ్డుపడి శస్త్రచికిత్స వఱకు రావచ్చును. ఆపిల్ ముక్క మంచిదే. దాని గింజలలో సయనైడును పుట్టించు పదార్థము కలదు గనుక వానిని తీసివేయవలెను.

అన్నిటికంటె జాగ్రత్తపడవలసినది ద్రాక్ష విషయమున. పచ్చిదైనను ఎండినదైనను అది కుక్క మూత్రపిండములను చెడగొట్టగలదు. ఈ సంగతిని 2001లో అమెరికా పశువైద్యులు ప్రకటించిరి. కారణము మాత్రము ఇరువదియేండ్లు తెలియలేదు. కొందఱు బూజును, కొందఱు పురుగుమందును శంకించిరి. పిదప, పిల్లల ఆటకై ఇంటిలో చేసిన పిండిముద్దను తిన్న యొక కుక్కకు అదే వ్యాధి వచ్చెను. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అను పొడి కలదు. ఆ పొడియందును ద్రాక్షయందును సమృద్ధిగా నుండు టార్టారిక్ ఆమ్లమే దోషియని 2021లో వైద్యులు ప్రతిపాదించిరి. పండు జాతినిబట్టి, పక్వతనుబట్టి ఆ యామ్లము హెచ్చుతగ్గులుగా నుండును. ఒక కుక్క ద్రాక్ష తినియు సుఖముగా నుండుటకును, వేఱొకటి కొలది పండ్లకే ప్రాణము కోల్పోవుటకును ఇది యొక కారణమై యుండవచ్చును.

చింతపండునకు పులుపు నిచ్చునదియు ఈ యామ్లమే. చింతపండు తిన్న కుక్కలకును ఇట్టి హాని కలిగినట్లు 2022లో ప్రకటితమైనది. కావున పాయసములోని ఎండుద్రాక్షను, పులిహోర మెతుకులను విస్తరితో సహా కుక్క ముందుంచుట మానవలెను.

ద్రాక్ష తిన్న కుక్కకు ఒకదినములో వాంతులు, ఆహారమునందు విముఖత కనబడును. పిదప మూత్రము తగ్గిపోవును. ఆ లక్షణములకై వేచియుండరాదు. వెంటనే పశువైద్యునికడకు కొనిపోయినచో, ఆయన వాంతి చేయించి, రక్తనాళము ద్వారా ద్రవముల నెక్కించి దానిని కాపాడుటకు అవకాశము కలదు.

కుక్క తనకు పెట్టినదానిని శంకింపదు. యజమాని చేతినుండి వచ్చినదెల్ల మేలని నమ్మును. కావున ఆలోచించు భారము పెట్టువానిదే.