అమ్మ నలుగుకి జర్మన్ మాట

మా చెల్లెలికి మ్యూనిక్‌లో బాబు పుట్టినప్పుడు అమ్మ రెండు కిలోల సున్నిపిండి సర్దుకుని వెళ్ళింది. జర్మనీలో కాన్పు తర్వాత 12 వారాల వరకు మంత్రసాని ఇంటికే వచ్చి తల్లీబిడ్డల్ని చూస్తుంది. ఖర్చు ఆరోగ్య బీమాది. ఆవిడని 'హేబామె' అంటారు. అమ్మ ఆవిడని అడగాలనుకున్నది ఒక్కటే: పసివాడికి రోజూ ఒళ్ళు రుద్ది నలుగు పెట్టొచ్చా?

వచ్చిన హేబామెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. చెల్లెలికి జర్మన్ అంతకంటే తక్కువ. ప్రశ్న రాసి పంపే పని ఎనిమిదో క్లాసు చదువుతూ జర్మన్ నేర్చుకుంటున్న మా అమ్మాయి మీద పడింది.

ఒళ్ళు రుద్దడాన్ని ఇంగ్లీషులో 'రబ్‌డౌన్' అనుకుని వెతికితే 'అబ్‌రైబుంగ్' వచ్చింది. దొరికిన మాటను మళ్ళీ వెనక్కి తిప్పి వెతకమని వాళ్ళ టీచర్ చెప్పారట. తిప్పితే రెండో అర్థం బయటపడింది. వాడుకలో ఒకరికి అబ్‌రైబుంగ్ ఇవ్వడమంటే చితకబాదడం!

"అమ్మా, అదే రాసుంటే అమ్మమ్మ రోజూ తమ్ముడిని కొడుతుందనుకునేవాళ్ళు" అని ఒకటే నవ్వు.

వీడియో కాల్‌లో అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. "మనకి లేదూ? మర్దన అంటే ఒళ్ళు పట్టడమే కదా. మరి మహిషాసుర మర్దిని ఆ రాక్షసుడికి నూనె రాసిందా?" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో మాటల వేట. పిసకడానికి 'క్నేటెన్'. మనలాగే వాళ్ళూ పిండికీ కండరాలకీ ఆ ఒక్క మాటే వాడతారు. నూనె పట్టించడానికి 'ఐన్‌రైబెన్'. లెక్కల్ని అనుకూలంగా మార్చడాన్ని ఇంగ్లీషువాళ్ళు మసాజ్ అంటే, జర్మన్లు 'ఫ్రిజీరెన్' అంటారు, అంటే జుట్టు దువ్వి తీర్చడం. ఇది నాకు భలే నచ్చింది.

చివరికి అమ్మాయి ఫ్రెంచి నుంచి జర్మన్‌లోకి వచ్చిన 'మసాజె'నే తీసుకుని, 'బేబీ మసాజె' అని రాసింది. నలుగుకి ఒక్క మాట దొరకలేదు. నూనె రాసి, పెసరపిండి, శనగపిండి, పసుపు కలిపి మెల్లగా రుద్దుతామని మూడు వాక్యాల్లో రాసి, మెల్లగా అనే 'జాన్‌ఫ్ట్' కింద రెండు గీతలు గీసింది.

నూనె పర్లేదు, చర్మం ఇంకా లేత, పిండి ఇప్పుడే వద్దు అని జవాబు. అమ్మ రెండు రోజులు మొహం ముడుచుకుంది. సున్నిపిండి చెల్లెలు వాడుకుంటోంది.