గరాజ్‌లో చలికాలం

నవంబరు 9, మినియాపోలిస్
పొద్దున మైనస్ 4. గరాజ్‌లోనూ ఇంచుమించు అంతే. పూజామందిరం పలకలు అతికించాలి. జిగురు డబ్బా మీద కనీసం 50 ఫారెన్‌హీట్ అని ఉంది, అంటే 10 డిగ్రీలు. అంతకన్నా చల్లగా ఉంటే సుద్దపొడిలా తెల్లబడి ఆరుతుంది, అతుకు నిలవదు. హీటరు కొంటానంటే పక్కింటి పెద్దాయన, "ముందు సందులు మూసుకో" అన్నాడు. ఈ చలిలో ఏళ్ల తరబడి కుర్చీలు చేసిన మనిషి.

నవంబరు 16
అగరొత్తి వెలిగించి పెద్ద తలుపు అంచుల వెంట తిప్పాను. పొగ వంగిన చోటల్లా గాలి దూరుతోంది. అడుగున రబ్బరు పట్టీ బీటలు వారింది, మార్చాను. గోడ చట్రాల మధ్య మూడున్నర అంగుళాల ఫైబర్‌గ్లాస్, ఆర్-13 రకం. దాని మీద లోపలివైపు ప్లాస్టిక్ షీటు. చలి ప్రాంతంలో షీటు వెచ్చని వైపే ఉండాలి. లేకుంటే గదిలోని తేమ గోడలోకి చేరి, చల్లటి చెక్క తగలగానే నీరవుతుంది. తడిసిన ఫైబర్‌గ్లాస్ చలిని ఆపలేదు. పైన జిప్సం బోర్డు బిగించాలి.

డిసెంబరు 7
స్నేహితుడు ప్రొపేన్ హీటరు తెచ్చాడు. పొగగొట్టం లేదు. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. అదంతా గదిలోనే తిరిగి రంపం బల్ల మీద చెమ్మగా దిగుతుంది. పోత ఇనుము, ఊరికే తుప్పు పడుతుంది. పైగా కార్బన్ మోనాక్సైడ్ భయం, రంపపు పొట్టు పక్కనే మంట. వద్దని పంపేశాను. 240 వోల్టుల మీద నడిచే 5 కిలోవాట్ల కరెంటు హీటరు తీసుకున్నా. ఎలక్ట్రీషియన్ 30 ఆంపియర్ల లైను విడిగా లాగాడు.

డిసెంబరు 28
హీటరు వేశాక గాలి త్వరగానే వెచ్చబడింది. రంపం బల్ల మీద చెయ్యి పెడితే మాత్రం జివ్వుమంది. ఇనుముకీ, కాంక్రీటు నేలకీ, చెక్కల దొంతరకీ వేడెక్కడానికి పూటలు పడుతుంది. జిగురు అంటుకునేది చెక్కకు. గాలి ఎంత వెచ్చగా ఉంటే ఏం లాభం? అందుకే పనున్నా లేకున్నా 10 దగ్గర నిలిపి ఉంచుతున్నా. పనిరోజు కాస్త పెంచితే చాలు.

జనవరి 14
అమ్మ ఫోను.
"మైనస్ పాతికంట కదరా, ఆ షెడ్డులో కుంపటి పెట్టుకోకూడదూ?"
"తలుపులన్నీ మూసిన గదిలో కుంపటి పెడితే తెల్లారి లేవనమ్మా."
"పండగపూట అవేం మాటలురా!"
గోడలు నిలిచాయి, అతుకులు పట్టాయి. ఇప్పుడిక పొడితనంతో పేచీ. బయటి గాలిలో తేమ తక్కువ, దాన్ని వేడిచేస్తే ఇంకా పొడి. చెక్క అడ్డంగా కుంచించుకుపోతోంది. మందిరం తలుపు పలకలను గాడిలో జిగురు లేకుండా వదులుగానే నిలిపాను. వేసవి ఉక్కకు అవి ఉబ్బుతాయి. ఆ చోటు ఇప్పుడే వదలకపోతే జూలైలో చట్రం పగులుతుంది.