నాలుగు దీపాలూ వెలిగాయి

నా నవలల్లో ఇప్పటికి నాలుగు కార్లు ఆగిపోయాయి. నాలుగూ రాత్రిపూటే. అందులో మూడు వర్షంలో. కారు ఆగితేనే కదండీ హీరోయిన్ తడుస్తూ దిగేదీ, హీరో ఎదురుపడేదీ! అసలా కార్లు ఎందుకు ఆగిపోయాయో నేను రాయలేదు. ఏ పాఠకురాలూ ఉత్తరం రాసి అడగనూ లేదు. అడిగి ఉంటే నా గుట్టు రట్టయ్యేది. నేను చదివింది బి.ఏ. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా ఒకటే. స్విచ్ వేస్తే రావాలి, రాకపోతే మా వారిని పిలవాలి.

అలాంటిదాన్ని, పోయిన అక్టోబరులో, పరాయి దేశంలో, ఏడువేల అడుగుల ఎత్తున, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే బ్యాటరీకి మీటరు పెట్టి "పదకొండు పాయింటు నాలుగు" అని పైకి చదివానంటే మీరు నమ్మి తీరాలి.

మా చెల్లెలు అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటుంది. నాన్నగారు పోయాక అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. "అమ్మని తీసుకుని రా అక్కా, ఓ నెలరోజులైనా అందరం ఒకచోట ఉందాం" అని అది పోరగా పోరగా వెళ్ళాం. వెళ్ళిన రెండోవారమే మా మరిది గ్రాండ్ కాన్యన్ ప్రయాణం పెట్టాడు. 230 మైళ్ళు. హోటలు కాదుట, ట్రైలరుట.

ట్రైలరంటే కారు వెనకాల తగిలించుకుని ఈడ్చుకెళ్ళే ఇల్లు. ఇరవై అడుగుల పొడవుంటుందేమో, అందులోనే మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమూ. మా మరిది దాన్ని వసంతంలో సెకండ్ హ్యాండులో కొన్నాడట. ఎండాకాలమంతా ఎక్కడో అద్దె స్థలంలో నిలబెట్టి, బయల్దేరే ముందురోజు ఇంటి ముందుకి తెచ్చి, ఇంట్లోంచి వైరు లాగి రాత్రంతా కరెంటు పెట్టాడు. వంటగట్టు పైన ఒక చిన్న బోర్డుంది. దాని మీద మీట నొక్కితే బ్యాటరీ ఎంతుందో దీపాలు చెబుతాయి. పొద్దున్నే నాకు చూపించి మరీ నొక్కాడు. నాలుగు దీపాలూ వెలిగాయి.

"చూశారా వదినా, ఫుల్లు!" అన్నాడు. నాకేం తెలుసు? చప్పట్లు కొట్టాను.

సాయంత్రానికి లోయ అంచున నిలబడ్డాం. మైలు లోతున కొలరాడో నది సన్నటి దారంలా ఉంది. "ఇంత కొండనీ ఆ కాసిని నీళ్ళే కోశాయా?" అంది అమ్మ. యాభై, అరవై లక్షల ఏళ్ళు పట్టిందని మరిది చెప్పాడు. "అంతేలే, రోజూ కొంచెం కొంచెంగా పోతే ఎవరికి తెలుస్తుంది!" అని కొంగు నిండుగా కప్పుకుంది.

మేం దిగిన కేంపులో చెట్లున్నాయి, నీళ్ళున్నాయి, కరెంటు మాత్రం లేదు. ఫరవాలేదుట, బ్యాటరీ ఉందిగా. హీటరు వేసుకుని, వెచ్చగా కబుర్లు చెప్పుకుంటూ పడుకున్నాం.

రాత్రి రెండింటికి కీచు కీచుమని ఏదో అరుపు. ఎలుక అనుకుని లేచాను. చిమ్మచీకటి. స్విచ్ వేస్తే దీపం మిణుకుమని ఆరిపోయింది. ట్రైలరు లోపల ఐసు పెట్టెలా ఉంది. ఫోను వెలుతురులో చూద్దును కదా, అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఒంటి మీద రెండు చీరలు చుట్టుకుంది. గడగడా వణికిపోతోంది.

"అమ్మా, ఏమిటే ఇది? ఎంతసేపయింది లేచి?"

"నాకేం, నిక్షేపంగా ఉన్నాను. నువ్వు పడుకో" అంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

డెబ్బైరెండేళ్ళ మనిషి. నా గుండె జారిపోయింది. మరిది లేచి, గ్యాసుంది కదా, పొయ్యి వెలిగిద్దాం, గది వేడెక్కుతుంది అన్నాడు. మా చెల్లెలు కెవ్వుమంది. తలుపులు మూసిన చిన్నగదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ విషవాయువుని కనిపెట్టి అరిచే పెట్టె కూడా ఆ బ్యాటరీ మీదే బతుకుతుంది. శక్తి చాలక, ఇందాకటినించీ కీచుమంటున్నది అదే! చివరికి అమ్మని కారులో కూర్చోబెట్టి, హీటరు వేసి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ నేనూ చెల్లెలూ తెల్లవార్లూ కూర్చున్నాం.

పొద్దున్నే పక్క ట్రైలరావిడ కాఫీ కప్పుతో వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఒక కుక్కపిల్ల తప్ప వెంట ఎవరూ లేరు. మా మొహాలు చూసి సంగతి అడిగింది. వెంటనే వెనక్కి వెళ్ళి ఒక పసుప్పచ్చ మీటరు, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు తెచ్చింది. కంప్యూటర్ల ఇంజనీరైన మా మరిదిని కాదు, నన్ను పిలిచింది.

"ముందు ఆ గాజులు తీసెయ్యి. బంగారం రెండు కొసలకీ తగిలిందంటే నీ చెయ్యి కాలిపోతుంది."

గాజులు తీసి అమ్మకిచ్చాను. ఆవిడ పాఠం మొదలెట్టింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 పైన చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయినట్టు. 12 కి దిగువంటే ఇంచుమించు ఖాళీ. మాది 11.4.

"నాలుగు దీపాలు వెలిగాయే!" అన్నాను.

"బయటి కరెంటు పెట్టినప్పుడు నొక్కి ఉంటారు. అప్పుడది చూపించేది చార్జరు బలం, బ్యాటరీది కాదు. వైరు తీసేసి రెండుగంటలు ఊరుకుని, అప్పుడు చూడాలి."

తర్వాత మూతలు తీయించింది. లోపల నీళ్ళు అడుగంటి పలకలు పైకి తేలి ఉన్నాయి. అవి మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోశాం. పంపునీళ్ళు పోయకూడదుట. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుంది. దాన్ని దేంతో కడగాలో తెలుసా? వంటసోడా నీళ్ళతో! మిరపకాయ బజ్జీలకని అమ్మ తెచ్చిన సోడా ఉందిగా. పోస్తుంటే బుసబుసా పొంగి శుభ్రంగా వదిలిపోయింది. బజ్జీలు మాత్రం గట్టిగా వచ్చాయి, అది వేరే కథ.

తన జనరేటరు మాకిచ్చి, వేసుకోనిచ్చే వేళల్లో చార్జి చేయించింది. కాసేపాగి మీటరు పెడితే 12.6. నేను ఎగిరి గంతేశాను.

"ఆగు. ఇప్పుడు హీటరు వెయ్యి" అంది.

హీటరుకి మంట గ్యాసుదే అయినా, వేడిని బయటికి తోసే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. ఏడెనిమిది ఆంపియర్లు తాగుతుంది. ఫ్యాను వేసిన పది నిమిషాలకే అంకె 11.5 కి పడిపోయింది.

"చూశావా? ఊరికే కూర్చున్నప్పుడు ఏ బ్యాటరీ అయినా బాగానే కనిపిస్తుంది. బరువు మోయించి చూడాలి. ఇది లోపలే అయిపోయింది."

ఎలా అయిపోయిందో కూడా ఆవిడే చెప్పింది. ఎండాకాలమంతా అన్నీ ఆపేశామనుకున్నారు మావాళ్ళు. కాని ఆ గ్యాసు పెట్టె ఆగదు కదా. పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంది. బ్యాటరీని విడదీసే మీట పక్కనే ఉన్నా ఎవరూ తిప్పలేదు. అలా ఖాళీగా నెలల తరబడి పడుంటే లోపలి పలకలు గట్టిపడి, మళ్ళీ చార్జి పుచ్చుకునే శక్తి పోతుందిట.

మరిది 80 మైళ్ళ దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కి వెళ్ళి కొత్త బ్యాటరీ తెచ్చాడు. బిగించాక, కారు ఇంజను ఆన్ చేసి మీటరు చూడమందావిడ. కారు నడుస్తుంటే ట్రైలరు బ్యాటరీకి కూడా కొంత ఎక్కాలిట. అంకె కదల్లేదు. రెంటినీ కలిపే ఏడు పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను చిలుం పట్టి పచ్చబడింది. నాలుగు గంటల ప్రయాణంలో చుక్క కూడా ఎక్కలేదన్నమాట! గీకి శుభ్రం చేస్తే 13 దాటింది.

ఇక లెక్క నేనే కట్టాను. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగమే వాడుకోవాలి, మిగతా సగం ముట్టుకుంటే దానికి ఆయుష్షు తగ్గుతుంది. హీటరు రాత్రి అయిదు గంటలు తిరిగితే ఆ సగం కాస్తా సరి. అంటే కొత్తదైనా ఒక్క రాత్రికే. రోజూ నింపుకోవాల్సిందే. ఇది ఫిజిక్సు కాదండీ, మన ఇంటి జమాఖర్చు!

"ఇవన్నీ మీకెలా వచ్చాయి?" అని అడిగాను ఆవిణ్ణి.

"మా ఆయనున్నన్నాళ్ళూ ఆయనే చూసుకునేవాడు. పోయాక నేర్చుకున్నాను. నేర్చుకోకపోతే ఇంట్లో కూర్చోవాలి" అంది. అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ ఆవిడ వంక చాలాసేపు చూసి, రెండు గట్టి బజ్జీలు ప్లేట్లో పెట్టి ఇచ్చింది.

ఆ రాత్రి వెచ్చగా ఉంది. నాకే నిద్ర పట్టలేదు. "నిన్న రాత్రి మమ్మల్ని ఎందుకు లేపలేదే?" అన్నాను మెల్లిగా.

"మంచి నిద్రలో ఉన్నారు కదా, ఎందుకులే అని" అంది అమ్మ చీకట్లోంచి.

హైదరాబాదు వచ్చాక మా ఇన్వర్టరు బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ నేనే పోస్తున్నాను. గాజులు తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని. మా వారు దూరంగా నిలబడి చూస్తూ, "ఈ నవలలో హీరో ఎవరోయ్?" అంటారు. అననివ్వండి.

అమ్మ మళ్ళీ తెనాలి వెళ్ళిపోయింది. నేను ప్రతి ఆదివారం ఫోను చేస్తాను. మొదటి గంటకే ఎత్తుతుంది. గొంతు ఖంగుమంటుంది. "నాకేం, నిక్షేపంగా ఉన్నాను!" ఇన్నేళ్ళూ ఆ మాట విని హాయిగా ఫోను పెట్టేసేదాన్ని. ఈసారి పెట్టబోతూ ఆగిపోయాను. నేను ఫోను చేసినప్పుడు కదా, నాలుగు దీపాలూ వెలిగేది!

బుధవారం పొద్దున్నే, చెప్పకుండా రైలెక్కి తెనాలి వెళ్ళాను. తలుపు తీసి అమ్మ తెల్లబోయింది. వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. గ్యాసయిపోయి అయిదు రోజులయిందిట. నిండు సిలిండరు వరండాలోనే ఉంది. దాన్ని లోపలికి జరపలేక, పక్కింటివాళ్ళని అడగలేక, కరెంటు కుక్కర్లో గుప్పెడు అన్నం వండుకుని, పెరుగు కలుపుకుని తింటోంది. మధ్యలో ఆదివారం వచ్చింది. నాతో మాట్లాడింది. చెప్పలేదు.

సిలిండరు దొర్లించుకొచ్చి బిగించాను. పొయ్యి వెలిగించి పప్పు పడేశాను. నాలుగు రోజులు రానని మా వారికి చెప్పాను.

"చెప్పా పెట్టకుండా ఇదేం రాకే?" అంది అమ్మ, కంచం ముందు కూర్చుని.

"మీటరు పెట్టి చూద్దామని వచ్చాను" అన్నాను.

అమ్మ నవ్వింది. ఆ తర్వాత, మారు మాట్లాడకుండా, రెండోసారి అన్నం పెట్టించుకుంది.